మేకపాలు

నా కుడి రొమ్ము ఆ ఏడే ఎండిపోయింది.
ఈ మాట గుడిలో చెప్పాల్సింది.
ఇప్పుడు పొయ్యిలో పుల్లలకి చెబుతున్నాను.

కాకసస్ కొండల్లో మా లోయకి
ఆరు నెలలు మంచే తలుపు, మంచే గడియ.
రాణిగారు పురిట్లో పోయిన రాత్రి
లతావ్రిని గొర్రెతోలులో చుట్టి నా ఒళ్ళో వేశారు.
నెల తిరక్కుండా ఇంకో పసిగుడ్డు,
కనుమ అవతలి దొర పంపిన కొడుకు, బిమూర్జా.
పగవాడి బిడ్డని పెంచి పెద్ద చేస్తే
రెండు వైపులా కత్తులు తుప్పుపడతాయని మా నమ్మకం.

ఒక్క చన్ను. ముగ్గురు బిడ్డలు.
నా తేదో కూడా ఉన్నాడు కదా.
చేపుకొచ్చిన పాలు రాజుబిడ్డకి,
అడుగున మిగిలినవి నా వాడికి,
బిమూర్జాకి చెవి తెగిన నల్లమేక.
చీకట్లో పితికి, కొమ్ములో పోసి,
పీలిక ముంచి నోటికి పట్టేదాన్ని.
వాడు మొదటిసారి "అమ్మా" అన్నది ఆ మేకనే.

రొమ్ము ఎండిందని తెలిస్తే
నెలకి రెండు కుంచాల బార్లీ ఆగిపోతుంది.
నా మొదటి అబద్ధం
బార్లీ రొట్టెలా వేడిగా, కమ్మగా ఉండేది.

పెరిగారు.
ఒక గడ్డికోత రోజు ఆమె జడలో పరక చిక్కుకుంటే
అతను తియ్యలేదు, చూస్తూ ఉండిపోయాడు.
నా గుండెలో రాయి పడింది.
నెత్తురు వేరైనా పాలు ఒకటైతే
మా లోయలో వాళ్ళు అన్నాచెల్లెళ్ళే.

"నిజం చెప్పవే అమ్మా" అంది లతావ్రి, నా గడ్డం పట్టుకుని.
మేక సంగతి చెప్పాను.
నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది,
"అయితే నా అత్తగారికి కొమ్ములున్నాయన్నమాట!"
ఆ నెలలోనే చెవిటి పూజారి ముందు,
ఒక్క కొవ్వొత్తి వెలుగులో,
నా మాట మీదే పెళ్ళాడారు.

తర్వాత ఓతియా వచ్చాడు, ఆమె అన్న.
కనుమ మీద ఉప్పు సుంకం కావాలి అతనికి,
యుద్ధానికో సాకు కావాలి.
నా గడప మీద తేదో నడికట్టు పెట్టి
చాలా మెత్తగా అడిగాడు:
"నీకు రెండు వైపులా పాలుండేవి కదూ?"

వెండి ప్రతిమ మీద చెయ్యి పెట్టించారు.
చల్లగా ఉంది, చేప కడుపులా.
ముసలి రాజు నోరు ప్రశ్న అడుగుతోంది,
కళ్ళు మాత్రం లేదనమని బతిమాలుతున్నాయి.
నరం లేని నాలుక.
"ఇద్దరికీ ఇచ్చాను" అన్నాను.

బిమూర్జా తల వంచుకున్నాడు.
లతావ్రి చూసింది,
నా ముఖం కాదు, నా రొమ్ము వైపు.

మూడు వేసవులు.
అక్రోటు కాయలు ఏరేవాళ్ళు లేక చెట్టుకిందే నల్లబడ్డాయి.
బిమూర్జా వంతెన మీద పడిపోయాడట,
శవం ఎవరిదని నది అడగలేదు.
రాజు గోడవైపు తిరిగి పడుకుని
మళ్ళీ ఇటు తిరగలేదు.
ఉప్పు చవకైంది. నేను కూరలో వెయ్యను.

తేదో ఒంటి మీద గీత లేకుండా ఇంటికొచ్చాడు.
తన రొట్టె తనే కాల్చుకుంటాడు.

లతావ్రిని బురుజులో పెట్టారు. ఆడపిల్ల పుట్టిందట.
పాలు పడలేదని కాపలావాడు ఎవరితోనో అంటుంటే విన్నాను.
నిన్న సందెవేళ
పై కిటికీలోంచి తాడొకటి దిగింది,
దాని చివర ఖాళీ కొమ్ము.
పిలుపు లేదు, తిట్టు లేదు.
పరుగెత్తి మేకని పితికి, నింపి, ముడి వేశాను.
చేతులు వణికి సగం నేలపాలయ్యాయి.
తాడు పైకి వెళ్ళింది.
పాపకి పట్టారో, గోడవతల పారబోశారో.

ఇవాళ మేకని మేతకి వదల్లేదు.
కిటికీ కిందే కట్టేశాను.